దస్తీ కట్టిన చెంబు

మా కోరుట్ల ఇంట్లో పొయ్యి పక్కన కలికుండ ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి అందులో పోస్తూ ఉంటే పులిసి కలి అయ్యేది. ఎంత తీస్తే అంత మళ్లీ పోయాలి, పావువంతు ఎప్పుడూ అడుగున మిగలాలి. అమ్మ పెట్టుకున్న లెక్క అదొక్కటే. పోచమ్మ బోనాలకు ముందురోజు సాయంత్రం జొన్నపిండిని ఆ కలిలో కలిపి పెట్టేది. తెల్లారేసరికి అది పొంగి ఉండేది. దాన్ని మరిగే నీళ్లలో పోసి కాచి, చల్లారాక జీలకర్ర, మిరియాలు, ఓమ, ఎల్లిపాయ దంచి కలిపేది. ఆ అంబలి మొదట పోచమ్మకు, తర్వాత మా బాపుకు, ఆ తర్వాతే మాకు.

అమ్మ పోయిన రోజు ఇంట్లో ఉన్న నీళ్లూ, వండినవీ అన్నీ పారబోశారు. చావు జరిగిన ఇంట్లో అది ఆనవాయితీ. కలికుండ కూడా వాకిట్లో బోర్లించారు. ఆ ఏడుపులో అది ఎవరికీ పట్టలేదు.

సంవత్సరికం అయ్యాక బోనాలు దగ్గరపడ్డాయి. నా భార్య కొత్త కుండలో కలి పెట్టింది. పులిసింది గాని, ఆ వాసన రాలేదు. దాంతో కాచిన అంబలి బాపు ఒక గుటక తాగి గ్లాసు కింద పెట్టాడు.

"గిది ఆమెది గాదు. ఆమెది లేకుంటే గీ ఇంట్లకెల్లి బోనం ఎల్లది. నన్నడుగకుర్రి."

అమ్మ పోయాక మనిషి సగమయ్యాడు. పిలిస్తే పలికేవాడు, అంతే. బోనం కూడా ఆగిపోతే ఇక దేనికీ లేవడని నాకు భయం పట్టుకుంది.

అప్పుడు అక్క గుర్తొచ్చింది. పెళ్లయి సిరిసిల్ల పోయేటప్పుడు అమ్మ ఆమెకు చెంబెడు కలి ఇచ్చి పంపింది. ఆ కలి అక్క ఇంట్లో ఇంకా బతికే ఉంది.

తెలంగాణ కోసం జనం రోడ్ల మీద కూర్చున్న రోజులవి. బస్సుల్లేవు. నేను తూకాలు చూసే జగిత్యాల మార్కెట్ కూడా మూతబడింది. ఆటోలు మారుతూ బోనాల ముందురోజు పొద్దున్నే సిరిసిల్ల చేరాను. మరమగ్గాల చప్పుడు కూడా లేదు. అక్క ఒక ప్లాస్టిక్ సీసాలో మెడ దాకా కలి పోసి, మూత బలంగా తిప్పింది.

"ఒక్క సుక్క పోవద్దు తమ్మీ. అక్క పంపిందని బాపుకు చెప్పు."

కుండ మీద బట్ట కప్పడమే మా ఇళ్లలో తెలుసు. కలిని సీసాలో బిగించింది మా వంశంలో అదే మొదలు.

వేములవాడ దాటాక రోడ్డుకు అడ్డంగా మొద్దులు, కాలుతున్న టైర్లు. ఆడవాళ్లు రోడ్డు మీదే రాళ్లు పెట్టి వంట చేస్తున్నారు. ఆటో ఆగింది. ఎండ నా ఒళ్లోని సంచి మీదే పడుతోంది. కాసేపటికి టప్‌మని పేలింది.

"పోలీసోళ్లు ఏసిర్రురో!" అంటూ ముందు కూర్చున్న పిలగాడు కిందికి దూకాడు.

సంచిలో సీసా మూత ఎగిరి, కలి పొంగిపోయింది. వాసన అందరికీ తగిలింది. "కల్లు దాసుకొని ఉద్యమానికి అచ్చినవా అన్నా?" అన్నాడు వాడే, లేచి దుమ్ము దులుపుకుంటూ. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సీసాలో గిద్దెడు మిగిలింది. వెనక్కి పోదామన్నా దారి లేదు. ఇంత తక్కువ కలి బోనానికి కావలసినంత పిండిని తెల్లారేసరికి పొంగించలేదు. దాన్ని పెంచాలి, అదీ ఇప్పుడే.

దిగి, అన్నం వారుస్తున్నామె దగ్గరికి పోయి గంజి అడిగాను.

"అన్నం తిను అన్నా అంటే గంజి అడిగెటోన్ని నిన్నే జూసిన!" అంది ఆమె. సంగతి చెప్పాక నవ్వు ఆపి, తన చెంబులోనే గంజి పోసింది. "చెంబు మల్ల పంపు, మరువకు."

వేడి తగిలితే కలి చచ్చిపోతుంది. వేలు ఓర్చుకునేదాకా ఆగి, అప్పుడు కలిపాను. మూతకోసం చూస్తుంటే, ఆటోలో నా పక్కన కూర్చున్న ముస్లిం పెద్దామె తన చేతిరుమాలు, దస్తీ, విప్పి ఇచ్చింది.

"మూత పెట్టకు బేటా, గిది కట్టు. దానిగ్గూడ దమ్ము తీసుకోవాలె గద."

పొద్దు వాలుతుంటే దారి ఇచ్చారు. ఇల్లు చేరేసరికి దస్తీ కింద సన్నగా బుస్సుమంటోంది. ఆ రాత్రి కొంత కలికుండలో పోసి, మిగిలిన దాంట్లో పిండి కలిపాం.

తెల్లవారి కుండ అంచు దాకా పొంగింది. నా భార్య మసాలా దంచుతుంటే బాపు లేచి వచ్చి, కుండ మీదికి వంగి వాసన పీల్చాడు. పోయి స్నానం చేశాడు. నా భార్య బోనం ఎత్తుకుంది. బాపు అంబలి పట్టుకొని ముందు నడిచాడు.

దారులు తెరుచుకున్నాక, గంజి పోసినామె ఊరికి పోయి చెంబు ఇచ్చి రావడానికి దాన్ని తోమి సంచిలో పెట్టుకున్నాను. బాపు చూశాడు.

"ఉత్త చెంబు ఎట్ల వాపస్ ఇస్తవురా?"

చెంబు తీసుకొని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. కలికుండలోంచి ముప్పావు చెంబు ముంచి, మెడ దగ్గర ఖాళీ వదిలి, ఉతికి ఆరేసిన ఆ దస్తీనే మూతికి కట్టాడు. ముడి వదులుగా ఉందో లేదో రెండుసార్లు చూసి నా చేతికిచ్చాడు.