సముద్రం కనపడనీ

వెనిగర్ చల్లిన వేడి చిప్స్ వాసన తగిలితే చాలు, నాకు మిసెస్ హాలమ్ గుర్తొస్తుంది. మొన్న జూన్‌లో ఇంగ్లండు తీరాన స్కెగ్‌నెస్ బీచ్‌లో అదే జరిగింది. మనవరాలు మాయ ఫోన్ ఎత్తి "తాతయ్యా, కమ్ టు ది మిడిల్" అంది. నేను అలవాటు కొద్దీ పక్కకి జరిగాను. "మళ్ళీ మొదలెట్టారు," అంది మా ఆవిడ. "నలభై ఏళ్ళుగా ఏ ఫోటోలో చూసినా నేను సగం, బస్టాపు మొత్తం."

ఆ ఉదయం టీవీలో నార్మండీ వేడుకలు చూసి నాకు ఒళ్ళు మండిపోయి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు నుంచి వేల ఓడల్లో సముద్రం దాటి ఫ్రాన్సు తీరాన దిగిన సైన్యం గురించి ఏటా చెబుతారు. జనరళ్ళ పేర్లు చెబుతారు, ఓడలు చూపిస్తారు. ఆ ఇసుక ఎంత వాలు, అక్కడ దిగిన మనిషి ఎంతవరకు మునుగుతాడు అని ముందే చూసిపెట్టిన ఆడపిల్లల మాట ఒక్కడూ ఎత్తడు. వాళ్ళలో ఒకామె, మిసెస్ హాలమ్, మా పక్కింట్లో ఉండేది.

నేను ఐదో క్లాసుతో బడి మానేసినవాణ్ణి. పాత పేపర్లు చదివి ఇంగ్లీషు నేర్చుకుని, ఇంగ్లండు వచ్చి నాటింగ్‌హామ్ ఆసుపత్రిలో పోర్టరుగా చేరాను. మొదటిరోజే పక్కింటావిడ "ఏం డక్, చలేస్తోందా?" అంటే, నన్ను బాతంటుందా అని వారం రోజులు మాట్లాడలేదు. ఆ ఊళ్ళో అందరినీ ముద్దుగా అలాగే పిలుస్తారని తెలిశాక సిగ్గుపడ్డాను. అప్పటికే ఆమెకు అరవై దాటాయి. శుక్రవారం వస్తే చిప్స్ పొట్లం గోడ మీదుగా అందించేది. నా ఇంగ్లీషు దిద్దేది. నేను మా ఆవిణ్ణి ఫోటో తీస్తుంటే మాత్రం ఊరుకునేది కాదు.

"పక్కకి జరుగమ్మా. సముద్రం కనపడనీ."

"నాటింగ్‌హామ్‌లో సముద్రమెక్కడిదండీ?"

"అయితే వెనక ఏది ఉంటే అది కనపడనీ."

అలా ఎందుకంటుందో ఒకరోజు చెప్పింది. ఫ్రాన్సు శత్రువు చేతిలో ఉన్నప్పుడు, అంతకుముందు విదేశీ తీరాల్లో తీసుకున్న సెలవుల ఫోటోలుంటే పంపమని రేడియోలో అడిగారట. జనం సంచులకొద్దీ పంపారు. ఇరవై ఏళ్ళ మిసెస్ హాలమ్ పని, ఆ ఫోటోల్లో మనుషుల వెనక ఉన్నది చూడటం. నీళ్ళు పిల్లల మోకాళ్ళ దాకా ఉన్నాయా, గట్టుగోడ ఎంత ఎత్తు, ఇసుక ఎంత వాలు. నకలు తీశాక అసలు ఫోటో తిరిగి పంపెయ్యాలి. ఒక కవరు మీద ఆమె చేతిలోని టీ ఒలికి అడ్రసు చెరిగిపోయింది. చెప్పడానికి భయపడి ఫోటో దాచేసింది. బకెట్ పట్టుకున్న పాప ఫోటో అది. వెనక పెన్సిలుతో రాసింది మాత్రం చెక్కు చెదరలేదు: "ఎల్సీ, మొదటి సముద్రం."

"నలభై ఏళ్ళుగా దొంగనే, డక్. పోయేలోపు ఇచ్చెయ్యాలి."

ఆ ఎల్సీ కోసం పత్రికకు నేను రాస్తానన్నాను. రెండు పేజీలు రాశాను. అందులో పేజీన్నర, ఆ ఆడపిల్లల్ని మరిచిపోయిన ప్రభుత్వాన్ని కడిగేయడానికే సరిపోయింది. ఆమె చదివి కళ్ళజోడు తీసింది.

"బాగా తిట్టావు. కానీ ఇందులో అంతా నువ్వే నిలబడ్డావు. కాస్త పక్కకి జరుగు, ఎల్సీ కనపడాలి."

మూతి ముడుచుకునే నా తిట్లన్నీ కొట్టేశాను. ఐదు వాక్యాలు మిగిలాయి. అవే అచ్చయ్యాయి.

రెండు నెలలకు గ్లాస్గో నుంచి రైల్లో ఎల్సీ వచ్చింది. తల నెరిసింది, నవ్వుమొహం. మిసెస్ హాలమ్ ఫోటో ఇచ్చి "క్షమించమ్మా" అంది. ఎల్సీ తనను తాను చూసుకోలేదు. మూలన, గోడ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ ఆవిడ మీద వేలు పెట్టింది.

"మా అమ్మ. మరుసటి ఏడాది పోయింది. అమ్మ ఫోటో ఇంట్లో ఉన్నది ఇదొక్కటే. రేడియోలో అడగ్గానే నాన్న ఇచ్చేశాడు."

మిసెస్ హాలమ్ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. "ఆవిడ ఎత్తును బట్టే ఆ గోడ కొలిచాను. ఎవరో ఏమిటో అనుకోనే లేదు."

"గోడ సరిగ్గా కుదిరిందా?"

"సరిగ్గానే ఉందని మా పై అధికారి అన్నాడు."

"అయితే మా అమ్మా యుద్ధం చేసిందన్నమాట," అని నవ్వేసింది ఎల్సీ. మిసెస్ హాలమ్ కూడా నవ్వింది. ఆ మధ్యాహ్నం, ఎల్సీ వస్తోందని తెచ్చిన కేకు మొత్తం ముగ్గురమే తినేశాం.

మిసెస్ హాలమ్ పోయి ఇరవై ఏళ్ళయింది. నా కోపం తగ్గలేదు. పత్రికలకు ఇంకా రాస్తూనే ఉంటాను, ఐదు వాక్యాలే. ప్రతి ఫోటో ప్రింటు తీయించి, వెనక పేర్లు, అడ్రసు, పోస్ట్‌కోడ్‌తో సహా పెన్సిలుతో రాస్తాను. టీకి పెన్సిలు చెరగదు. స్కెగ్‌నెస్ ఫోటోలో మా వెనక, ఐస్‌క్రీమ్ బండి దగ్గర, ఎవరో పెద్దావిడ గొడుగు మూస్తూ కనపడింది.

"హూ ఈజ్ షీ, తాతయ్యా?" అంది మాయ.

తెలియదన్నాను. మా పేర్ల కింద ఇంకో వరుస రాశాను: "గొడుగు ఆవిడ మీ మనిషైతే పై అడ్రసుకు రండి. ఫోటో మీదే."