చుక్కి సాక్ష్యం

1946 మే 16, గురువారం, ఉదయం ఎనిమిదింబావు. ఆ వేళ నేనొక అబద్ధం ఆడాను. అప్పటినుంచి దాన్ని మోస్తున్నాను. మోయగా మోయగా బరువు తగ్గుతుందంటారు. ఎనభై దాటాక చూపు తగ్గింది, ఆకలి తగ్గింది, ఇది మాత్రం తగ్గలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పలేకనే మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

మాది బెజవాడ గవర్నర్‌పేట. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు, టీచరు ట్రెయినింగులో ఉన్నాను. ఏటా వేసవి సెలవుల్లో మా సంఘం నుంచి కొందరు మూడు వారాలు గోదావరి కొండల మీదికి సువార్తకు వెళ్ళేవాళ్ళు. ఆ ఏడు నన్నూ తీసుకెళ్ళారు. రాజమండ్రి దాకా రైలు, అక్కడినుంచి లాంచీ, రేవులో దిగాక పగలంతా కొండ ఎక్కడం. నేను కూర్చుంటూ లేస్తూ ఎక్కుతుంటే కొండరెడ్ల ఆడవాళ్ళు నవ్వారు. "తన్ను తానే మోసుకోలేదు, ఈ పిల్ల మనకి దేవుణ్ణి మోసుకొచ్చిందంట" అంది ఒకామె. ఆమె పేరు లచ్చమ్మ. అంటూనే నా మూట లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది.

లచ్చమ్మకు ఒక్కతే కూతురు, చుక్కి. నాలుగేళ్ళది. మేం వెళ్ళిన నాలుగో రోజున దానికి చలిజ్వరం వచ్చింది. మందుల పెట్టె నా చేతిలో ఉండేది. క్వినైన్ మాత్ర నోట్లో వేస్తే చుక్కి చేదుకు తట్టుకోలేక నా చీర మీదే ఉమ్మేసింది. ఊరంతా చూసింది. వాళ్ళకు మాత్రలంటే ముందునుంచీ భయం. ఇక మందు వద్దని లచ్చమ్మ ఖచ్చితంగా చెప్పింది. అప్పుడు మా పాస్టరుగారు ఆ గుడిసె ముందు అందరినీ మోకరింపజేసి ప్రార్థన మొదలుపెట్టారు. అలా రెండు రోజులు, రెండు పూటలా.

ప్రార్థనలో కళ్ళు మూసుకోవాలని వాళ్ళకు మేమే నేర్పాం. వాళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళు. ఆ కాసేపట్లో నేను మాత్రను పొడి చేసి, ఇంటినుంచి తెచ్చుకున్న బెల్లంలో కలిపి, చుక్కి నాలుక మీద పెట్టేదాన్ని. బెల్లం కోసం అది నోరు తెరిచేది. తల్లి వద్దన్నది ఆమెకు తెలియకుండా చేశాను. అయినా పిల్ల బతకాలనే చేశాను. ఇక్కడిదాకా నన్ను నేను క్షమించుకోగలను.

మూడో రోజు పొద్దున జ్వరం పోయింది. చుక్కి లేచి కూర్చుని అంబలి అడిగింది. జనం మూగారు. పాస్టరుగారు నిజాయితీ గల మనిషి. ఇది ప్రార్థన ఫలమేనని చెప్పబోతూ ఆగి, అందరి ముందూ నన్ను అడిగారు, మందేమైనా లోపలికి పోయిందా అమ్మా అని.

లేదండీ, ఉమ్మేసిందండీ అన్నాను.

ఎందుకన్నాను? దేవుడి కోసమే అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ గుంపులో ఒక్కరి ముఖం కూడా దిగాలుగా లేదు, అందరూ నా వైపే చూస్తున్నారు, అవునండీ అంటే ఆ ముఖాలన్నీ మారిపోతాయి, పాస్టరుగారిది కూడా. ఉమ్మేసిన మాట అబద్ధం కాదుగదా, మొదటి మాత్ర ఉమ్మేసిందిగదా అని ఆ నిమిషంలోనే సర్దుకున్నాను. సగం నిజం నాలుక మీదికి ఎంత సులువుగా వస్తుందో అప్పుడే తెలిసింది. లచ్చమ్మ అప్పటికప్పుడు పిల్ల మెడలో తాయెత్తు తెంపేసింది.

ఈ జ్వరం పోయినట్టే పోయి మళ్ళీ వస్తుందని, ఏడు రోజులూ మందు పడాలని బెజవాడలో డాక్టరుగారు నాకు నేర్పే పంపారు. మర్చిపోలేదు. కానీ తగ్గిన పిల్లకు మళ్ళీ మాత్ర ఎందుకని లచ్చమ్మ అడిగితే ఏం చెప్పను? బెల్లం కూడా ఆపేశాను. మాత్రల డబ్బా నాతోపాటే కొండ దిగింది.

ఆ వానాకాలం పాస్టరుగారు నన్ను కాలవ పడవల మీద గుడివాడ, కైకలూరు వైపు పల్లెలకు తిప్పారు. పదకొండు సంఘాల్లో, ప్రార్థనతోనే జ్వరం పోయిందని చుక్కి సాక్ష్యం చెప్పాను. మూడో ఊరు వచ్చేసరికి పిల్ల జ్వరం పెంచాను. ఐదో ఊళ్ళో దానికి స్పృహ కూడా తీసేశాను. ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. ఒక ముసలాయన, మా కోడలి నోటిమీద కూడా ఓసారి చెయ్యిపెట్టి పోమ్మా, కాస్త తగ్గుతుందేమో అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నెలల్లో కొండమీద ఏం జరుగుతున్నదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మరుసటి మే నెలలో మళ్ళీ వెళ్ళాం. లచ్చమ్మ దారికి ఎదురొచ్చి నా మూట అందుకుంది. చుక్కి ఏదీ అన్నాను. పోయింది అంది. వానల్లో జ్వరం తిరగబెట్టింది. మొగుడు పిల్లను భుజాన వేసుకుని రేవు దగ్గర ఆసుపత్రికి బయల్దేరాడు.

"నేనే ఆపానమ్మా. అప్పుడు మందు లేకుండానే జ్వరం పోయిందిగదా. నాలుగు పొద్దులు మోకాళ్ళ మీంచి లేవలేదు. నాకు చేతకాలేదు."

మూట కింద పెట్టింది. ఆ రాళ్ళ దారిలోనే మోకరించి, కళ్ళు మూసుకుని, చేతులు జోడించింది.

"ఇట్టాగే గదా నువ్వు చూపించింది? చూసి చెప్పు. యాడ తప్పాను?"

మిగతావాళ్ళు ఇంకా దిగువన ఉన్నారు. మేమిద్దరమే. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు. నేను వంగి, ఆమె రెండు చేతులూ పట్టుకుని గడ్డం దాకా ఎత్తాను.

"చేతులు ఇంకాస్త పైకి ఉండాలి" అన్నాను.

కళ్ళు తెరిచి తన చేతుల వంక చూసుకుంది. "అదా" అంది. లేచి మూట ఎత్తుకుంది.

మొదటిది అబద్ధం. ఇది ఏమిటి? దీనికి పేరు వెతుకుతూనే ఉన్నాను. భయమా? భయమైతే ఊరుకునేదాన్ని. ఒక తల్లి బిడ్డ చావుకు కారణం అడిగితే, నా తప్పు తీసి ఆమె చేతుల్లో పెట్టాను.

తర్వాత ఎప్పుడూ కొండ ఎక్కలేదు. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. పాస్టరుగారు పోయినప్పుడు జ్ఞాపకార్థ కూటంలో ఎవరో చుక్కి సాక్ష్యం మళ్ళీ చెప్పారు. మూడో వరసలో కూర్చుని విన్నాను. స్పృహ తప్పడం కూడా అందులో ఉంది.

దేవుడి దగ్గర ఒప్పుకున్నావా అని మీరడగవచ్చు. చాలాసార్లు ఒప్పుకున్నాను. అది కష్టం కాలేదు, ఆయనకు ముందే తెలుసు గనక. తెలియనిది లచ్చమ్మకు. ఆమెకు చెప్పలేదు. ఇక చెప్పలేను. మీకు చెబితే ఆమెకు చెప్పినట్టు కాదని తెలుసు. అయినా ఇదంతా ఒక మనిషి చెవిన పడింది, ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. అంతే. మీరేమీ అనక్కర్లేదు.

పోయినవాటి లెక్క చెబుతాను. చుక్కి, నాలుగేళ్ళ పిల్ల, 1946 శ్రావణంలో. ఆ ఇంట్లో తర్వాత పిల్లలు పుట్టలేదని విన్నాను. ఆసుపత్రికి బయల్దేరిన మొగుడు ఆ ఏడాదే లచ్చమ్మను వదిలి వెళ్ళిపోయాడు. తప్పు తన చేతులదేనని లచ్చమ్మ అనుకుంటూ బతికిన ఏళ్ళు ఎన్నో నాకు తెలియదు.