మొదటి ముద్రణ లేని పుస్తకం

రెండు వేల తొమ్మిదిలో నేను సూర్యాపేటలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. చేస్తున్నాననడం కంటే ఈడుస్తున్నాననడం నిజం. విశ్వవిద్యాలయం అప్పటికే రెండుసార్లు గడువు పెంచింది. మార్చి నెలాఖరులోగా ఒక్క వ్యాసమైనా జర్నల్ ఒప్పుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

నా విషయం గొర్రెల కార్జంలో పడే జలగలు. త్రిపురారం వైపు కాలువ నీళ్లు నిలిచినచోట నత్తలు పెరుగుతాయి, జలగ పిల్లలు వాటిలో పెరిగి గడ్డికెక్కుతాయి, అక్కడ మేసిన గొర్రెకు ఈ రోగం అంటుతుంది. ఎక్కడ మేపకూడదో, మందు ఎప్పుడు తాగించాలో నాలుగు పేజీల చిన్న పుస్తకం రాసి, మిర్యాలగూడలో అచ్చువేయించి కాపరులకు పంచాను. వాళ్ల గొర్రెలను పరీక్షించి, తెలిసిన సంగతి వాళ్లకే చెప్పకుండా ఇంగ్లీషు జర్నల్‌కు పంపితే నాకు అన్నం సయించదు.

వ్యాసంతో పాటు ఒక ఫారం నింపాలి. ‘ఇది ఇంతకుముందు ఎక్కడైనా ప్రచురితమైందా?’ అని అందులో ఒక ప్రశ్న.

మా కాలేజీలో నా పక్క కుర్చీ లెక్చరర్‌ది కోదాడ. "లేదని రాసేయండి మేడమ్. మన తెలుగు పుస్తకం వాళ్లెక్కడ చూడొచ్చారు?" అన్నాడు.

నేను వింటేగా! అవునని రాసి, పుస్తకం కూడా జతచేసి పంపాను.

కొన్నాళ్లకు జవాబొచ్చింది. సంపాదకుడికి తెలుగు వచ్చు, అదీ నా ఖర్మ. ‘మీ పుస్తకం ద్వితీయ ముద్రణ అని ఉంది. అచ్చయినదాన్నే మళ్లీ వేయకూడదన్నది మా నియమం. మొదటి ముద్రణలో ఏముందో చూడాలి. వారంలోగా పంపకపోతే వ్యాసం తిరస్కరిస్తాం.’

మొదటి ముద్రణ ఏమిటి నా మొహం! పుస్తకం తిరగేస్తే వెనక అట్ట అడుగున నిజంగానే ఉంది, ‘ద్వితీయ ముద్రణ’ అని. నాకు ఒళ్లు మండిపోయింది.

"పోనీ వ్యాసం పేరు మార్చి ఇంకో జర్నల్‌కు పంపేయండి, అయిపోద్ది" అన్నాడు కోదాడ ఆయన.

"చేసిన పెళ్లికి మళ్లీ లగ్నపత్రిక రాయమంటారా?" అని కసిరి, మిర్యాలగూడ బస్సెక్కాను.

ప్రెస్సు ఓనరు పెద్దాయన, నింపాదిగా చాయ్ తాగుతున్నాడు. "మొదటిదంటే ఎవడు సదువుతడమ్మా? రెండోదంటే, అబ్బో, మొదటియి ఖతమైనయ్ అనుకుంటరు. నేను అందరికీ గట్లనే ఏస్త. మీ ఇజ్జత్ కోసమే ఏసిన."

"ఇజ్జత్ అనుకుంట నా పీహెచ్‌డీకే ఎసరు పెట్టిన్రు గదా!" అని గట్టిగా అరిచాను. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "జర పరేషాన్ గాకమ్మా. ఉన్నది ఉన్నట్టు రాసిస్త."

ప్రెస్సు పేరున్న కాగితం మీద రాసి ముద్ర కొట్టాడు: ‘మొదటి ముద్రణ లేనే లేదు. రెండవదే మొదటిది. తప్పు నాది, మేడమ్‌ది కాదు.’ పుస్తకంలో ఉన్నవి జాగ్రత్తలు మాత్రమేననీ, పరీక్షల ఫలితాలు వ్యాసంలోనే తొలిసారి వస్తున్నాయనీ నేనొక ఉత్తరం రాసి, రెండూ కలిపి స్పీడ్ పోస్టులో పంపాను.

మార్చి సగం గడిచాక కవరొచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో నిలబడి అందరికీ వినపడేలా చదివాను. ‘మీరు దాచకుండా చెప్పారు కాబట్టి విచారించి తేల్చగలిగాం. కాపరులకు జాగ్రత్తలు చెప్పడం పూర్వ ప్రచురణ కాదు. వ్యాసం అంగీకరించాం. మొదటి పేజీ అడుగున ఆ పుస్తకం సంగతి రాయండి.’

"గెలిచారు మేడమ్!" అని కోదాడ ఆయనే ముందు చప్పట్లు కొట్టాడు. నేను ఆ పూట నేల మీద నడవలేదంటే నమ్మండి.

డాక్టరేట్ వచ్చింది, అది సరే. ఆ జర్నల్‌లో నా వ్యాసం మొదటి పేజీ అడుగున నేను రాసిన వాక్యం మాత్రం ఎప్పుడు చూసినా నాకు ఛాతీ ఉప్పొంగుతుంది: ‘ఈ పరిశోధనలో తేలిన జాగ్రత్తలు ముందుగా గొర్రెల కాపరులకు తెలుగులో అందాయి.’ దేశదేశాల పండితులు వాటిని చదివింది త్రిపురారం కాపరుల తర్వాతే.