జోయెల్ నాలుగు మాటలు

జోయెల్‌కి ఆకలేస్తోందో, ఎక్కడైనా నొప్పిగా ఉందో మాకెవరికీ తెలిసేది కాదు మా చిన్నప్పుడు... ఎడిన్‌బర్గ్‌లో మా ఫ్లాట్ హాల్లో, రేడియేటర్ పక్కన కూర్చుని తల గోడకేసి కొట్టుకునేవాడు. నేను పరుగెత్తి వెళ్ళి గోడకీ తలకీ మధ్య అరచెయ్యి పెట్టేదాన్ని. కాసేపటికి చెయ్యి కందిపోయేది...

జోయెల్ మా తమ్ముడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు, నాకు పన్నెండు. వాడికి మాటలు రాలేదు. మాటలు నేర్పే థెరపిస్ట్ కోసం వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నాం. ఉత్తరం వస్తుందన్నారు... ఎంతకీ రాలేదు. అమ్మ నర్సు, నాన్నకి వృద్ధుల కేర్ హోమ్‌లో పని. వాళ్ళ డ్యూటీ రోటాలు ఎలా ఉండేవంటే, ఒకరు లోపలికొచ్చి కోటు తీస్తుంటే ఇంకొకరు కోటు తొడుక్కుని మెట్లు దిగేవారు.

వాడు చేత్తో వదలకుండా పట్టుకునేది ఒక్కటే... నా గేమ్ కన్సోల్. చర్చిలో ఒక ఆంటీ, వాళ్ళ పిల్లలు ఆడి పక్కన పడేస్తే నాకిచ్చింది. రెండు చేతుల్లో ఇమిడేంత ఉండేది. కుడివైపు నాలుగు బటన్లు. వాడికి ఆటలు అక్కర్లేదు. బటన్ నొక్కితే చప్పుడు రావాలి, అంతే.

నొక్కితే చప్పుడుకి బదులు మాట వస్తే...? ఒకరోజు నాకు తట్టింది.

లైబ్రరీ కంప్యూటర్‌లో వెతికితే 'హోమ్‌బ్రూ' అనే మాట దొరికింది. కంపెనీ వాళ్ళు అమ్మే ఆటలు కాకుండా, ఎవరెవరో ఇంట్లో కూర్చుని రాసి ఉచితంగా పెట్టిన ప్రోగ్రామ్‌లు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అమ్మ గరిటె పట్టుకునే వచ్చేసింది.

"హోమ్‌బ్రూనా? అదేంటే, ఇంట్లో సారా కాయడం కదా!"

"కాదమ్మా... సాఫ్ట్‌వేర్!"

అమ్మ అలా నవ్వి చాలా రోజులైంది...

బటన్ నొక్కితే మనం పెట్టిన మాట పలికే ప్రోగ్రామ్ ఒకటి దొరికింది కానీ, దాన్ని కన్సోల్‌లోకి ఎక్కించడానికి మూడు వారాలు పట్టింది నాకు. హోమ్‌బ్రూ వాళ్ళ ఆన్‌లైన్ ఫోరంలో పేజీలకు పేజీలు చదివాను, సగం అర్థం కాలేదు. తప్పు చేస్తే కన్సోల్ ఇక పనిచెయ్యక ఇటుకరాయిలా మిగులుతుందని ఎర్రక్షరాల్లో రాశారు. మెమరీ కార్డులో ఫోల్డర్ పేరు ఒక్క అక్షరం తేడా వచ్చినా ప్రోగ్రామ్ కనబడేది కాదు. పైగా ఆన్ చేసిన ప్రతిసారీ ముందు ఒక బొమ్మ ఫైల్ తెరవాలి, కంపెనీ తాళం దాటి బయటి ప్రోగ్రామ్ నడవడానికి అదొక్కటే దొడ్డిదారి. ఒక్కోసారి తెరుచుకునేది, ఒక్కోసారి స్క్రీన్ అలాగే బిగుసుకుపోయేది. బ్యాటరీ పీకి, మళ్ళీ పెట్టి, మళ్ళీ మొదటినుంచి...

మొత్తానికి నాలుగు బటన్లకి నాలుగు బొమ్మలు, నాలుగు మాటలు. నీళ్ళు, ఆకలి, నొప్పి, చాలు. డ్యూటీకి వెళ్ళబోతూ అమ్మ యూనిఫామ్‌లోనే, నేను ఒక్కరోజుకి అరువు తెచ్చిన లాప్‌టాప్ ముందు వంగి ఆ మాటలు పలికింది. 'నొప్పి' అనేటప్పుడు గొంతు వణికితే మళ్ళీ చెప్పించాను.

రెండు వారాలు వాడు ఊరికే వినేవాడు. ఒక శనివారం పొద్దున 'నొప్పి' నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆగకుండా నొక్కుతూనే ఉన్నాడు. ఇంకో చెయ్యి చెవి మీద ఉంది... సోమవారం ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే చెవిలో చీము పట్టిందన్నారు. ఆ క్లినిక్ బయట, బస్ స్టాప్‌లో, నాన్న వాణ్ణి ఎత్తుకుని ఏడ్చేశాడు. వాడు మాతో మొదటిసారి ఒక మాట చెప్పాడు మరి.

నెల తిరక్కుండానే జోయెల్ పుట్టినరోజు వచ్చింది. నాన్న పాత వస్తువులమ్మే చారిటీ షాపులో ఆ కన్సోల్‌లో పట్టే చిన్న గేమ్ డిస్క్ ఒకటి కొని తెచ్చాడు. నేను స్కూల్లో ఉన్నాను. డిస్క్ పెడితే ఆట ఆడాలంటే కన్సోల్ అప్‌డేట్ చెయ్యమని అడిగిందట. నాన్న సరే అని నొక్కాడు.

నేను వచ్చేసరికి జోయెల్ బటన్లు నొక్కుతున్నాడు. నీళ్ళు లేవు, ఆకలి లేదు... ఏ మాటా రావడం లేదు. అప్‌డేట్ పడితే ఆ బొమ్మ ఫైల్ దారి మూసుకుపోతుందని నాకు తెలుసు. నాన్నకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

నాన్న మీద అరిచాను. పుట్టి బుద్ధెరిగాక అలా ఎప్పుడూ అరవలేదు.

"నాకేం తెలుసమ్మా... అప్‌డేట్ అంటే మంచిదే అనుకున్నాను" అన్నాడు. డిస్క్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు నాతో లైబ్రరీకి వచ్చాడు. రెండు వేళ్ళతో టైపు చేస్తూ ఫోరంలో తనే రాశాడు. సర్, మా బాబు మాట్లాడలేడు, దయచేసి పాత వెర్షన్ తిరిగి తెప్పించే దారి చెప్పండి అని. ఎవరో జవాబిచ్చారు... ఈ మోడల్‌కి ఇంకా ఏ దారీ లేదు, ఎదురుచూడండి, చాలా బాధగా ఉంది అని. తర్వాత చాలా వారాలు, డే ఆఫ్ వచ్చినప్పుడల్లా నాన్న ఆ పేజీ తెరిచి చూసేవాడు. కొత్త జవాబు ఉండేది కాదు.

జోయెల్ కొన్నాళ్ళు ఆ బటన్లు నొక్కాడు. తర్వాత కన్సోల్ ముట్టుకోవడం మానేశాడు. మళ్ళీ గోడ... మళ్ళీ నా అరచెయ్యి. ఏ నొప్పో, ఎక్కడో, అడిగినా చెప్పలేడు. ముగ్గురం చుట్టూ కూర్చుని వాడి మొహంలోకి చూసేవాళ్ళం... అంతకన్నా చేతనయ్యింది లేదు.

ఏడాది దాటాక స్కూలు వాళ్ళు మాట్లాడే టాబ్లెట్ ఇచ్చారు. దానికి ఇంగ్లీషు తప్ప రాదు. వాడు చకచకా నేర్చుకున్నాడు. సంతోషించాం... ఎందుకు సంతోషించం? ఇప్పుడు వాడికి పదహారేళ్ళు. ఏం కావాలన్నా అడుగుతాడు, కోపమొస్తే కోప్పడతాడు కూడా.

కాకపోతే వాడితో మాట్లాడటానికి అమ్మా నాన్నా మెల్లగా ఇంగ్లీషులోకి మారిపోయారు. తర్వాత నాతో కూడా. ఇప్పుడు మా ఇంట్లో భోజనాల దగ్గర తెలుగు మాట వినబడి ఎన్నాళ్ళయిందో...

మీ ఇళ్ళల్లో మాట ఆలస్యమైన పిల్లలుంటే, వాళ్ళు మీతో మొదట ఏం చెప్పారో, ఎలా చెప్పారో కింద రాయండి. నోటితోనే చెప్పి ఉండక్కర్లేదు...