ప్లగ్గు పీకి చూసే రత్నం సార్

కొత్త ఫోను పెట్టె తెరవగానే ఒక వాసన వస్తుంది. థర్మాకోలు, ప్లాస్టిక్కు, ఇంకా ఎవరి వేలూ పడని గాజు కలిసిన వాసన. ఫోన్లూ సాఫ్ట్‌వేర్లూ వాడి చూసి వాటి మంచీచెడూ యూట్యూబులో చెప్పడం నా పని కాబట్టి నెలకు రెండు మూడు సార్లైనా ఆ వాసన నా గదిలోకి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నేను మెదక్‌లో, చర్చికి పోయే దారిలో ఉన్న ఒక ఇరుకు దుకాణంలోకి వెళ్లిపోతాను. అక్కడ రత్నం సార్ పెట్టె మీద టేపు కోసి, ముక్కు లోపలిదాకా పెట్టి వాసన చూసి, "మంచిగనే ఉన్నది. ఇగ గుణం జూద్దాం" అనేవారు. ఆయన్ను మీరెవరూ చూసి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

రత్నం సార్ మొదట టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. తొంభైల్లో బయటి దేశాల కంపెనీలు, కలర్ టీవీలు, పేజర్లు ఒక్కసారిగా మన మీద వచ్చి పడ్డప్పుడు, టైపు మిషన్లను మూలకు నెట్టి కంప్యూటర్ పెట్టారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇచ్చే డీటీపీ సెంటర్ అయింది అది. డిగ్రీ తప్పి, ఇంట్లో ముఖం చూపించలేక నేను అక్కడ ఆపరేటర్‌గా చేరాను. మౌసును ఎటువైపు తిప్పి పట్టుకోవాలో కూడా అప్పటికి నాకు తెలియదు.

దుకాణం బయట గోడకు ఒక నల్లబల్ల ఉండేది. ప్రతి సోమవారం ఏదో ఒక వస్తువు మీద సార్ తన మాట సుద్దతో రాసేవారు, మాట్లాడినట్టే రాసేవారు. పేజర్ మీద: "పిలుస్తది, మాట్లాడది. ఆగుండ్రి." టార్చిలైటు ఉన్న చిన్న ఫోను మీద: "కొనుండ్రి. దీన్ని జేసినోనికి మన ఊర్ల చీకటి ఎరుకే." బొమ్మలు ఎగిరే కొత్త ఆపరేటింగ్ సిస్టం మీద: "సోకు మస్తు, పని జర." ఎల్దుర్తి బస్సు కోసం నిలబడ్డవాళ్లు అది చదివి, లోపలికి వచ్చి సార్‌తో వాదన పెట్టుకుని బస్సు పోగొట్టుకున్న రోజులున్నాయి. ఒకసారి ఒక ఫోన్ల దుకాణదారుడు వచ్చి, "సార్, పండుగ గిరాకీ ఉన్నది. ఒక్క మంచి ముక్క రాయుండ్రి" అని బతిమాలాడు. "మంచిగుంటె నువ్వు అడగకున్నా రాస్త" అన్నారు సార్. అతను మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆయన పరీక్ష ఒక్కటే. పని నడుస్తుండగా ప్లగ్గు పీకేవారు. నేను చేరిన మొదటి వారంలో పొద్దుటి నుంచి కుస్తీపట్టి ఒక పేజీ టైపు చేశాను. సార్ వచ్చి, ఏమీ అనకుండా ప్లగ్గు లాగేశారు. తెర నల్లబడింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏడ్వకు బిడ్డా. మళ్ల పెట్టి జూడు, ఏం జేస్తదో."

పెట్టి చూశాను. పేజీ లేదు. "సేవ్ చేయలేదు సార్, నాదే తప్పు" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది, నా మీద కాదు. "నీ తప్పెందుకైతది? నువ్వు రాసింది దాచిపెట్టుడు దాని పని. గా పని జెయ్యక, తప్పు నీ మీదికి నూకుతదా?" అన్నారు. ఆ తరువాత పెద్ద పెద్ద ఇంజనీర్లు మాట్లాడగా విన్నాను గానీ, వాడేవాళ్ల పక్షాన నిలబడి ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువే.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న కాలం వచ్చేసరికి నేను దుకాణంలో పాతదాన్నయ్యాను. ఊరూరికీ దీక్షా శిబిరాలు, రోజుకో కరపత్రం. సరిగ్గా అప్పుడే సార్ కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ పోయారు. పోతూ పోతూ నల్లబల్లను నాకు అప్పజెప్పి, "చూడకుండ రాయకు" అని ఒక్క మాట అన్నారు.

ఆ వారమే ఒక సేల్స్‌మన్ కొత్త తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పది నిమిషాలు చూసి ఫిదా అయిపోయాను. ప్లగ్గు పీకలేదు. కరపత్రాల వాళ్లు నెత్తిమీద నిలబడి ఉన్నారని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. సార్ ఇంకా చూడని వస్తువు మీద ముందుగా నేను తీర్పు చెప్పాలని ఉబలాటం. "మస్తున్నది. కొనుండ్రి" అని రాసేశాను.

శంకరంపేట నుంచి పని మీద వచ్చిన శోభ అనే అమ్మాయి ఆ రాత చదివింది. ఇంటి ముందు గదిలో ఆమె కొత్తగా ఒక డీటీపీ సెంటర్ తెరిచింది. అత్తకు ఇష్టం లేదు. ఈ ఎండాకాలం దాకా చూసి, నడవకపోతే మూసేస్తానని ఒప్పించి తెరిచింది. నా రాతను నమ్మి ఆ సాఫ్ట్‌వేర్ కొన్నది. ఒక బడివాళ్లు ప్రశ్నపత్రాల పని ఇచ్చారు, ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని. నాలుగు రోజులు టైపు చేశాక కరెంటు పోయింది. వచ్చాక ఫైలు తెరిస్తే అక్షరానికి బదులు డబ్బాలు.

గురువారం పొద్దున మా దుకాణానికి వచ్చింది. సార్ అంతకు ముందు రోజే నల్లద్దాలతో తిరిగొచ్చారు. "అక్కా, నీ బోర్డు జూసే కొన్న. శనివారం దాక ఇయ్యకపోతె పని వేరేటోళ్లకిస్తరట. మా అత్త దుకాణం బంద్ జెయ్యమంటున్నది" అన్నది శోభ.

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. "నువ్వు మధ్యమధ్యల సేవ్ జేసినవా? యూపీఎస్ లేదా?" అన్నాను.

మూలన కుర్చీలోంచి సార్ గొంతు వినిపించింది. "సువర్ణా, ప్లగ్గు పీకి జూసినవా?"

"లేదు సార్."

"మరెట్ల రాసినవ్?"

ఆయన తడుముకుంటూ లేచి, సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు చూస్తుండగా, శోభ ముందే, నేను రాశాను: "చూడకుండ రాసిన. తప్పైంది. అది కొనకుండ్రి. సువర్ణ." ఆ నిమిషాన సార్ మీద పీకలదాకా కోపం వచ్చింది. కళ్లు కనపడని మనిషి నన్ను ఊరందరికీ చూపిస్తున్నాడనిపించింది.

మర్నాడు బంద్. బస్సులు లేవు. "మన సీపీయూ శోభ ఇంటికి తీస్కపోదాం పా. దాంట్ల పాత సాఫ్ట్‌వేర్ ఉన్నది" అన్నారు సార్. నేను మోపెడ్ నడిపాను. ఆయన వెనక కూర్చుని సీపీయూను చంటిపిల్లలా ఒళ్లో పట్టుకున్నారు. దారిలో రోడ్డుకు అడ్డంగా రాళ్లు, పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకతను ఆపి, "బంద్ ఉన్నది తెల్వదా?" అన్నాడు.

"తెల్సు బిడ్డా. గీ అమ్మాయి తప్పు దిద్దుకోవాలె, తోడుగ నేనొచ్చిన" అన్నారు సార్.

అతను ఆయన్ను గుర్తుపట్టి నవ్వాడు. "బోర్డు సారా! తిని పోండ్రి" అని విస్తట్లో అన్నం పెట్టించి, ఆ తరువాత రాళ్లు జరిపాడు.

శోభ ఇంట్లో మా సీపీయూను ఆమె మానిటర్‌కు తగిలించాం. ఆమె చదువుతుంటే నేను టైపు చేశాను. నేను అలిసిపోతే ఆమె కూర్చుంది. సార్‌కు తెర కనపడదు కాబట్టి, చదువుతుంటే విని తప్పులు పట్టారు. శోభ అత్త చాయ్ తెచ్చి, "కండ్లు సక్కగ లేకుంట ఇంత దూరం నువ్వెందుకొచ్చినవయ్యా? తప్పు జేసింది గా పిల్లనట గద" అన్నది.

"రాసింది ఆమెనే. బోర్డు నాది అమ్మా" అన్నారు సార్.

కీబోర్డు మీద నా వేళ్లు ఆగిపోయాయి. అప్పటిదాకా కడుపులో పెట్టుకున్న కోపమంతా కరిగి, దుఃఖమూ కృతజ్ఞతా ఒక్కసారే వచ్చాయి. శనివారం మధ్యాహ్నానికి ప్రశ్నపత్రాలు బడికి చేరాయి. దుకాణం మూయమని ఆ అత్త మళ్లీ అనలేదు.

రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు సార్ పోయారు. దుకాణం ఉన్నచోట ఇప్పుడు వేరే ఏదో ఉంది. శోభ మాత్రం సెంటర్‌ను పెద్దది చేసి, ఆడపిల్లలకు పని నేర్పుతున్నది. ఏ యంత్రం కొనాలన్నా ముందు నాకు ఫోను చేస్తుంది. మొన్న ప్రింటర్ గురించి అడిగితే, "ఇంటర్నెట్‌ల గింతమంది చెప్తున్నరు, నన్నే ఎందుకు అడుగుతవే?" అన్నాను.

"వాళ్లల్ల ఒక్కలు గూడ తప్పైందని పేరు పెట్టి రాయంగ నేను జూడలేదక్కా" అన్నది.

ఆమె అడిగిన ప్రింటర్ నేనింకా వాడలేదు. ఆ మాటే చెప్పాను. మంది నన్ను నమ్మడం నా తెలివి వల్లనే అని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆ గురువారం పొద్దున సార్ నన్ను వెనకేసుకొచ్చి ఉంటే, ఈ అమ్మాయి నాకు ఫోను చేసేదే కాదు.