కల్లంలో పెట్టిన గుప్పెడు పత్తి

ఆ రోజుల్లో మా పేటలో ఎవరికీ దేవుడితో రహస్యాలు ఉండేవి కావు. ప్రార్థన అంటే నోరు తెరిచి గట్టిగా చెయ్యాల్సిందే. మనసులో చేసుకునే ప్రార్థన పట్నం వాళ్ల పద్ధతనీ, అది పైకి చేరేసరికి చల్లారిపోతుందనీ మా నాయనమ్మ నమ్మకం. అందువల్ల ఎవరి కోడలు ఎవరితో మాట్లాడ్డం లేదో, ఎవరి గేదె ఎన్నాళ్లుగా చూడు కట్టడం లేదో సాయంత్రం ప్రార్థన వేళకల్లా పేటంతటికీ తెలిసిపోయేది. (దేవుడికి అంతకుముందే తెలుసని మా అయ్యగారు చెప్పేవారు. అయ్యగారంటే మా చర్చి పాస్టరుగారు.) ఈ పద్ధతిలో నాకే లోపమూ కనబడలేదు, నా జీవితానికి సంబంధించిన ప్రార్థన ఒకటి నేను కూడా గట్టిగా చేసేదాకా.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. గుంటూరులో నర్సింగు పూర్తిచేసి, పర్చూరు అవతల మా ఊళ్లో ఇంటిపట్టున ఉన్నాను. ఇంట్లో నాన్న, నాయనమ్మ, నేను. అమ్మ నా ఆరో ఏటే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. నాన్న రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరపా, కాస్త పత్తీ వేసేవాడు. ఆ జనవరిలో ఒకే వారంలో నాకు రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి చీరాలలో ఒక చిన్న నర్సింగుహోము నుంచి, బస్సెక్కితే ముప్పావుగంట. రెండోది అస్సాంలో టీతోటల మధ్య ఉన్న ఒక మిషను ఆసుపత్రి నుంచి, రైలెక్కితే మూడు రోజులు. హాస్టల్లో నా స్నేహితురాలు దానికి దరఖాస్తు పెడుతుంటే తోడుగా నేనూ పెట్టాను. ఆమెకు రాలేదు, నాకొచ్చింది. శనివారంలోగా ఏదో ఒక జవాబు రాయాలి. నాన్న ఉత్తరాలు రెండూ చదివించుకుని "నీ ఇష్టమమ్మా" అన్నాడు. అని, ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ "చీరాలలో చేపలు బాగుంటయ్" అని గోడకి చెప్పాడు.

నన్నడిగితే నాకు భయం. చీరాల వైపు చూస్తే నా బతుకంతా ఇక్కణ్ణుంచే కనబడుతోంది, ఏ బస్సుకు వెళ్లి ఏ బస్సుకు వస్తానో సహా. అస్సాం వైపు చూస్తే ఏమీ కనబడటం లేదు. బైబిలు తెరిచిన ప్రతిసారీ వేలు పెట్టి చూశాను. ఒకసారి గొర్రెల లెక్కా, ఇంకోసారి ఎవరో రాజుగారి అంత్యక్రియలూ వచ్చాయి తప్ప ఉద్యోగం సంగతి రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం బడిలో నేర్పిన పాతకాలపు భక్తుడి సంగతి. యుద్ధానికి వెళ్లాలో వద్దో తేలక, ఆయన కల్లంలో గొర్రె ఉన్ని పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడు. తెల్లారేసరికి ఉన్ని మాత్రమే మంచుకు తడిసి, చుట్టూ నేలంతా పొడిగా ఉండాలని. అలాగే జరిగింది. మాకూ కల్లం ఉంది, అందులో మొదటి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మంచూ పడుతోంది. గొర్రె మాత్రం లేదు. పత్తి ఉంది గదా అనుకున్నాను.

నాయనమ్మ నలభై ఏళ్లు పత్తి ఏరిన మనిషి. మంచం కింద దాచిన బస్తాలోంచి వానకు తడిసి పసుపెక్కిన పత్తి గుప్పెడు తీసి ఇచ్చింది.

"దేవుడికి పెట్టేదానికి ఇదా? మంచిది ఇయ్యి నాయనమ్మా."

"నువ్వాయనకి ఇస్తున్నావా, ఆయన్ని అడుగుతున్నావా? అడిగేదానికి ఇది చాల్లే."

సాయంత్రం దీపాలు పెట్టకముందే కల్లంలో మిరపకాయలు లేని మూల చూసి పత్తి పరిచి, మోకరించి, అలవాటు ప్రకారం గట్టిగా ప్రార్థించాను. "ప్రభువా, రేపు పొద్దునకి ఈ పత్తి తడిసి నేల పొడిగా ఉంటే అస్సాం వెళతాను, లేకపోతే చీరాల" అని మూడుసార్లు, తేడా రాకుండా. ఆ భక్తుడు మర్నాడు షరతు తిరగేసి ఇంకోసారి కూడా అడిగాడు గానీ, నాకు శనివారం దగ్గరపడింది కాబట్టి ఒక్కసారికే పెట్టుకున్నాను. ఆమెన్ అని కళ్లు తెరిస్తే నాలుగు బారల దూరంలో నాన్న, మిరపకాయల్ని కాలితో తిరగేస్తూ. ఆయన నాకేసి చూడలేదు. తిరగేసిన కాయల్నే మళ్లీ తిరగేస్తున్నాడు.

మర్నాడు చర్చి మైకులో మొదటి పాట మొదలుకాకముందే లేచి కల్లానికి పరిగెత్తాను. కల్లంలో పట్టా కప్పి ఉంది. మంచు పడుతుందనుకుంటే మిరపకాయల మీద పట్టా కప్పడం మా వైపు మామూలే. అయితే మిరపకాయలు ముప్పాతిక భాగం బయటే ఉన్నాయి, మంచుకు నిగనిగలాడుతూ. పత్తి ఉన్న మూల మాత్రం పట్టా నిండుగా కప్పి, నాలుగు వైపులా నాలుగు రాళ్లు పెట్టి ఉంది. ఒక రాయి తీసి పట్టా ఎత్తి చూశాను. నేల పొడిగా ఉంది. పత్తీ పొడిగానే ఉంది, నాయనమ్మ బస్తాలో కూడా అంత పొడిగా ఉండేది కాదు.

అంటే చీరాల. భయం పోయి హాయిగా ఊపిరి పీల్చుకోవాల్సింది నేను. కానీ నాకు ఏడుపొచ్చింది, చెప్పుకుంటే సిగ్గు, దేవుడి మీద కోపం కూడా వచ్చింది. అక్కడే కాసేపు నిలబడ్డాను. పట్టా మడతలో మంచునీళ్లు చెంబెడు చేరి ఉన్నాయి. (ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. కుళాయి నీళ్లు నేను ఒక్క చుక్క కూడా వాడలేదు. అది ఆకాశం నుంచి పడ్డ అసలు మంచే. పత్తి మీద పడాల్సింది దారిలో ఆగిపోయింది, అంతే.) పట్టా అంచు పట్టుకుని మెల్లగా ఎత్తాను. నీళ్లు జారి పత్తి మీదికి పోయాయి. పట్టా మళ్లీ కప్పి, రాయి యథాస్థానంలో పెట్టి, ఇంటికొచ్చి పడుకున్నాను. నా బతుకులో అంత చక్కగా నిద్ర నటించిన పొద్దు ఇంకోటి లేదు.

తెల్లగా తెల్లారాక ముగ్గురం కలిసి వెళ్లాం. నాన్నే పట్టా తీశాడు. తీసి, పత్తిని చూసి, వంగి చేత్తో తాకి, పక్కన పెట్టిన రాళ్ల వైపు ఒకసారి చూశాడు. "తడిసింది" అన్నాడు చివరికి. నాయనమ్మ పత్తిని పిండితే చుక్కలు కారాయి.

"ఒరేయ్ అబ్బాయ్, మిరపకాయలు వదిలేసి ఇటెందుకు కప్పావురా?"

"చీకట్లో కనబళ్లేదమ్మా."

"ఏమే చిట్టీ, పట్టా కిందున్న పత్తి ఎట్టా తడిసిందే?"

నేను ఆకాశం వైపు చూశాను, సమాధానం అక్కడ అడగమన్నట్టు. ఎందుకు కప్పావని నేను నాన్నని అడగలేను, ఎలా తడిసిందని నాన్న నన్నడగలేడు. ఇద్దరం మిరపకాయలు చూస్తూ నిలబడ్డాం. నాయనమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి "ఇంతోటి సంబడానికి నా పత్తి పాడుచేశారు" అని, దాన్ని కవర్లో వేసుకుని అయ్యగారింటికి బయల్దేరింది. మేమిద్దరం వెనకాల నడిచాం.

అయ్యగారు కవరు విప్పి చూశారు. జరిగిందంతా నాయనమ్మ చెప్పింది, జరగనిది మేం చెప్పాం. ఆయన టీ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టి నన్నడిగారు.

"అమ్మాయ్, అది పొడిగా ఉండుంటే చీరాలకి జవాబు రాసేదానివా?"

రాసేదాన్నండీ అందామని నోరు తెరిచాను. తల మాత్రం అడ్డంగా ఊగింది.

"అయితే అస్సాంకి రాయి. గుర్తు చూపించి దేవుడి చేత సంతకం పెట్టించుకోవాలని చూడమాక. ముందు బయల్దేరు. దారి తప్పైతే ఆయనే మళ్లిస్తాడు. కదలని బండిని ఎవరు మళ్లిస్తారమ్మా?"

"అక్కడ ఏమవుద్దో తెలీదు గదండీ" అన్నాను.

"నాకు చీరాలలో ఏమవుద్దో కూడా తెలీదు" అన్నారాయన.

చీరాల స్టేషన్లో అస్సాం వెళ్లే రైలు రెండు నిమిషాలు ఆగుతుంది. మా నాన్న ప్రార్థన ఎప్పుడూ భూమ్యాకాశాల సృష్టి దగ్గర మొదలవుతుంది. నా పెట్టె పైన పెట్టి, తను కిందికి దిగి, కిటికీ ఊచల్లోంచి నా నెత్తిమీద చెయ్యి పెట్టి మొదలుపెట్టాడు. సూర్యచంద్రులు అయ్యారు, సముద్రం అయింది, ఈ ఏటి మిరప అయింది. ప్లాట్‌ఫాం మీద జనం ఆగి చూస్తున్నారు. ఎదురు సీటాయన జంతికలు నమలడం ఆపి చేతులు కట్టుకున్నాడు. అప్పుడు నాన్న గొంతు మారింది. "ప్రభువా, ఆ రోజు పట్టా కప్పింది మిరపకాయలకి కాదయ్యా. పిల్ల నన్నొదిలి పోద్దని కప్పా. నేను కప్పినా తడిసింది. ఇంక అడ్డం రాను. దాని తల్లిని నీ దగ్గరే పెట్టుకున్నావు. దీన్ని కూడా నువ్వే చూసుకో..." రైలు కూత వేసి కదిలింది. నాన్న కళ్లు మూసుకునే ఉన్నాడు. చెయ్యి మాత్రం నా నెత్తి మీంచి జారి గాల్లో ఉండిపోయింది. "నాన్నా, అది నేనే, పట్టా ఎత్తి నేనే పోశా" అని అరిచాను. సగం పేటకు వినబడే గొంతు నాది. ఆ కూతలో, ఆ చక్రాల చప్పుడులో కలిసిపోయింది. నేను కనుమరుగయ్యేదాకా ఆయన కళ్లు తెరవలేదు. ఎదురు సీటాయన నా తరఫున ఆమెన్ అని, నాకో జంతిక ఇచ్చాడు.

అస్సాంలో పదకొండేళ్లు చేశాను. మొదటి ఏడాది రోజూ ఏడ్చాను, రెండో ఏడాది ఆదివారాలు మాత్రమే. ఇప్పుడు గుంటూరులో పని. అదంతా ఒక ఎత్తు, నాన్నను మోసం చేశానన్న గుబులు ఒక ఎత్తు. పాపం, పట్టా కింది పత్తిని దేవుడే తడిపాడని నమ్మి నన్ను పంపించాడు గదా అని ఇన్నేళ్లూ లోపల తొలుస్తూనే ఉండేది. పోయినేడు ఆయనకు కంటి ఆపరేషను చేయించి ఇంటికి తీసుకొచ్చాను. చుక్కల మందు వేసి, కళ్లు తెరవకుండా పడుకోమన్నాను. ఆయన నా మొహం చూడలేడన్న ధైర్యంతో అంతా చెప్పేశాను.

నాన్న కళ్లు మూసుకునే నవ్వాడు. "నాకు తెలీదేందే? రాయి తిరగబెట్టావు నువ్వు. మట్టంటిన వైపు పైకొచ్చింది."

"మరి తెలిసి కూడా ఎందుకు పంపావు?"

"దేవుడు తడిపుంటే ఇంకో రెండు పట్టాలు కప్పేవాణ్ణేమో. నువ్వే తడుపుకున్నాక ఎట్టా ఆపుతా?"

"మరి స్టేషన్లో దేవుడితో అట్టా చెప్పావేంది?"

"దేవుడికి తెలీందా? ఆయనకెందుకు చెప్తా, నీకు చెప్పా" అన్నాడు. ఇంకో చుక్క మందు వెయ్యమన్నాడు. ఆ చుక్క సరిగ్గా వెయ్యడానికి, ఇరవై ఏళ్లుగా నర్సుని, నాకు మూడుసార్లు పట్టింది.