పాప పాలు తాగని ఇరవై రోజులు

తొంభైల చివర్లో, గుంటూరుకు బస్సులో గంట దూరంలో ఉన్న ఒక ఊళ్ళో నేను నర్సుగా పనిచేశాను. ఇల్లిల్లూ తిరిగి బాలింతలను చూడటం, పిల్లలను తూచడం, టీకాలు వేయడం నా పని. మనిషి మంచిదే గాని నోరు చెడ్డదని ఊళ్ళో నాకు పేరు. ఆ నోటితోనే ఒక అమ్మాయిని ఏడిపించాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయేమో. తొమ్మిదో నెల వచ్చేదాకా వాళ్ళమ్మతో పాటు కల్లంలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీసింది. ఆడపిల్ల పుట్టింది. నాలుగో రోజున నేను వెళ్ళేసరికి పాప రొమ్ము పట్టడం, టక్కుమని వదిలేయడం, గుక్కపెట్టి ఏడవడం. పుట్టినప్పటి నుంచీ అదే వరసట.

"కడుపుతో ఉన్నన్నాళ్ళూ మిరగాయల్లోనే ఉండె గదండీ. ఆ ఘాటు పాలల్లోకి దిగింది. పిల్లకి నోరు మండుతుంది," అంది వాళ్ళమ్మ.

నాకు నవ్వొచ్చింది. ఆ చుట్టుపక్కల మిరపకాయ ముట్టని తల్లి ఎవరు? ఘాటు పాలల్లోకి దిగేదైతే మా వైపు పిల్లలే బతకరు. ఆ మాట అని ఊరుకోక, ఆ అమ్మాయి వైపు తిరిగి, "బిడ్డను పట్టుకోవటం చేతగాక తప్పు పాల మీద పెడుతున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నదంట," అన్నాను. శిక్షణలో నేర్పినట్టు బిడ్డను ఒడిలోకి ఎలా తీసుకోవాలో చూపించాను. ఆ అమ్మాయి పళ్ళ బిగువున ఓర్చుకుంది. చనుమొన పగిలి రక్తం కనిపిస్తోంది.

"మొదట్లో అందరికీ అంతే," అన్నాను.

వారం తర్వాత వెళితే ఆమెకు జ్వరం. రొమ్ములు రాళ్ళలా గడ్డకట్టాయి. వాళ్ళమ్మ నీళ్ళు కలిపిన ఆవుపాలు ఉగ్గుగిన్నెతో పాపకు పోస్తోంది. పక్కన తడిగుడ్డలో మల్లెపూలు ఉన్నాయి. మా వైపు పాలు ఇంకిపోవాలంటే రొమ్ముల మీద మల్లెపూలు పరిచి గుడ్డతో బిగించి కడతారు. బిడ్డ పోయిన తల్లికి చేసే పని అది.

"ఈ ఘాటు పాలు మాకొద్దండీ," అంది వాళ్ళమ్మ.

ఆ పూలు తీసి అవతల పారేయాల్సింది. కాని నాకు ఒళ్ళు మండింది. "నేను చెప్పేది మీరు వినరు. మీ ఇష్టం, కట్టుకోండి," అని సంచీ తీసుకుని వచ్చేశాను. ఆ అమ్మాయి నా వంకే చూస్తూ కూర్చుంది.

ఇరవయ్యో రోజున తూకానికి వెళ్ళాను. పుట్టినప్పటికంటే పాప పావుకిలో తగ్గింది. తక్కెడ గుడ్డలో వేలాడుతూ నోరంతా తెరిచి ఏడుస్తుంటే నాలుక పైకి లేవడం లేదు. కొన మధ్యలో నొక్కు ఉంది. చేతులు కడుక్కుని వేలు పెట్టి చూశాను. నాలుక కింద పలచటి పొర, బిగించిన దారంలా, నాలుకను కిందికి కట్టేసింది. అలా ఉంటే మాటలు నత్తిగా వస్తాయని నాకు తెలుసు. పాలకూ అడ్డమవుతుందని తట్టనే లేదు. నాలుక ముందుకు చాపలేని బిడ్డ చిగుళ్ళతో కొరుకుతుంది. తల్లికి పుండ్లు పడటం అందుకే, బిడ్డ జారి వదిలేయడం అందుకే. నేను వెళ్ళిన మొదటి రోజే ఒక్క నిమిషం పాప నోట్లోకి చూసి ఉంటే సరిపోయేది.

మర్నాడు గుంటూరులో పిల్లల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన చిటికెనవేలు నోట్లో పెట్టి పాప చీకడం చూశారు. రెండు వేళ్ళతో నాలుక ఎత్తి, చిన్న కత్తెరతో ఆ పొరను కత్తిరించారు. దూది మీద రెండు చుక్కల రక్తం, అంతే. "వెంటనే రొమ్మివ్వమ్మా," అన్నారు.

పాప నోరు బాగా తెరిచి పట్టుకుంది. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా నా వైపు చూసింది. "నొప్పి లేదండీ," అంది. పాప గట్టిగా అయిదారుసార్లు చీకింది. ఆగింది. మళ్ళీ చీకింది. పాలు లేవు. వదిలేసి ఏడ్చింది.

రోజుకు పదిసార్లు పెడుతూ ఉంటే మళ్ళీ పాలు పడొచ్చని డాక్టరుగారు చెప్పారు. నెల్లాళ్ళు ఓపిగ్గా పెట్టింది. పడలేదు. పాప డబ్బాపాలతో తేరుకుంది. బతికింది గదా అని అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

టీకాకు వచ్చినప్పుడు, వాళ్ళమ్మ కాస్త అవతలికి వెళ్ళగానే, ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "అయితే నా పాలు మంచియ్యేనాండీ?"

"మంచి పాలే తల్లీ," అన్నాను.

ఆమె తల ఊపి, సంచీలోంచి సీసా తీసి పాప నోటికి అందించింది.